టెస్టోస్టిరాన్ లేదని బరువులెత్తొద్దంటే ఎలా?

"వెయిట్స్ ఎత్తితే మగాడిలా తయారవుతావ్." జిమ్ముకెళ్ళే ప్రతి అమ్మాయీ ఎప్పుడో ఒకప్పుడు వినే మాటే. అమ్మ అనొచ్చు, అత్తగారు అనొచ్చు, ఒక్కోసారి ఫీజు తీసుకున్న ట్రైనరే అని ట్రెడ్‌మిల్ వైపు చెయ్యి చూపిస్తాడు. మన ఐటీ మగమహారాజులది ఇంకో వెర్షన్: "టెస్టోస్టిరాన్ లేదుగా, మీరెంత ఎత్తినా ఏం లాభం?" కండలు వచ్చేస్తాయా, అసలు రానే రావా? ముందు మీలో మీరు తేల్చుకోండి బాబూ!

తేడా లేదని నేననను. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగం ఆడవాళ్ళకీ ఉంది, మగవాళ్ళకీ ఉంది. మన శ్రీకాకుళం మల్లీశ్వరి మొత్తం 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చింది. మగవాళ్ళలో స్వర్ణం గెలిచిన బల్గేరియా బొయెవ్‌స్కీ 357.5 ఎత్తాడు. (ఇతగాడి మీద తర్వాత డోపింగ్ వ్యవహారంలో నిషేధం పడింది లెండి. పక్కన పెట్టినా రెండోవాడిది 352.5.) ఇంత తేడాని సాధన లోపమనో, సమాజం తొక్కేసిందనో కొట్టిపారేస్తే కుదరదు. చిన్నపిల్లలప్పుడు బలంలో పెద్ద తేడా ఉండదు. యుక్తవయసులో మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ ఎగబాకి ఆడవాళ్ళకన్నా దాదాపు 15 రెట్లకి చేరుతుంది. కండ, ఎముక, హిమోగ్లోబిన్ అన్నీ దాంతోపాటే పెరుగుతాయి.

1996లో భాసిన్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, 10 వారాలపాటు వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఎక్కించుకున్న మగవాళ్ళకి వ్యాయామం లేకుండానే కొవ్వు కాని బరువు 3 కేజీల పైన పెరిగింది. హార్మోన్ లేకుండా ఉత్త వ్యాయామం చేసిన మగవాళ్ళకి 2 కేజీల లోపే. మరి అందులో పదిహేనో వంతుతో మీ అమ్మాయి మగాడిలా ఎలా తయారవుతుందండీ?

రెండో వాదనా అంతే. ఎక్కడ మొదలెడతాం, ఎంతదాకా వెళ్ళగలం అన్నవాటిలో హార్మోన్ పాత్ర పెద్దదే. కానీ కొత్తగా మొదలెట్టిన ఆడా మగా ఒకే శిక్షణ తీసుకుంటే, ఉన్న బలం మీద పెరిగే శాతం దాదాపు సమానం. పైగా మెనోపాజ్ తర్వాత ఎముకలు గుల్లబారే బెడద ఎవరికి ఎక్కువ? తక్కువ బ్యాలెన్స్‌తో మొదలైనవాళ్ళే కదా ముందునుంచీ దాచుకోవాల్సింది!

మొన్న లంచ్‌లో ఒకాయన "లేడీస్‌కి వాకింగ్ చాలండీ" అని తీర్పిచ్చేశాడు. లిఫ్ట్ పనిచెయ్యక మూడంతస్తులెక్కి అప్పుడే వచ్చాడు. ఆయాసం తగ్గాక అన్నాడా మాట.