చెవిలో హోరు

ఇల్లు సద్దుమణిఁగినపిదప చెవిలో కీచురాయి యఱచినట్లున్నదని కోడలన్నచో, "వట్టి భ్రమ" యని కసరుట తగదు. ఆయుర్వేదము కర్ణనాదమనిన దిదియే. పెక్కుమార్లు వినికిడి తగ్గినచోట మెదడే యీ మ్రోఁతను గల్పించును. దిగులు దాని బాధను బెంచును. నిద్రలేమి దిగులును బెంచును.

లాలాజలమునందును వెండ్రుకలందును కార్టిసాలను హార్మోనును గొలిచి పండితులు మనోవేదన జాడ వెదకుచున్నారు. కాని ఫలితములు పొసఁగుటలేదు. ఉమ్మి కొలత చూచి యొకరి బాధ యింతయని చెప్పరాదు. ఆమెనే యడుగుట మేలని మేమందుము.

2012లో ప్రకటితమైన నెదర్లాండ్సు పరిశోధనలో 492 మంది పాల్గొనిరి. మ్రోఁతనుగూర్చిన భయపుఁదలఁపులను సవరించు మానసిక చికిత్స చేర్చిన వైద్యము పొందినవారికి, మామూలు వైద్యము పొందినవారికంటె బాధ తగ్గెను. మ్రోఁత మాయమగునని కాదు సుఁడీ. మనసు దానివెంటఁ బోవుట తగ్గును.

మ్రోఁత యొక్కచెవిలోనే యున్నను, నాడితోఁ గూడి కొట్టుకొన్నను, మొదట చెవివైద్యునికిఁ జూపవలయును. వినికిడి హఠాత్తుగాఁ దగ్గినచో ఆ దినముననే పోవలయును.