గణనయంత్రంలో ఆటలకు చోటు

అమెరికా ఉన్నత పాఠశాలల్లో గణితపు గంట మొదట్లో లెక్కలకు వెలువడిన గ్రాఫ్ కాల్కులేటర్, గంట ముగియకముందే ఆటవస్తువై కూర్చోవడం ఉపాధ్యాయులకు బాగా పరిచితమైన దృశ్యం. 1999లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ విడుదల చేసిన టి.ఐ.-83 ప్లస్ ఇందుకు పేరుపొందింది.

దాని స్మృతి రెండు విధాలు. పని జరిగే ర్యామ్ సుమారు 24 కిలోబైట్లు. దాచుకునే ఆర్కైవ్ 160 కిలోబైట్లు. మొదటిది పలక, రెండవది కొట్టుగది అనుకోవచ్చు. పలక మీదివి ఒక్క రీసెట్‌తో మాసిపోతాయి. సరిగా రాయని ఆట నడుమ మొరాయించినా అంతే. విద్యార్థి వారాల తరబడి కూర్చుకున్న సూత్రాలూ ఆటతోపాటే పోతాయి. కొట్టుగదిలోనివి బ్యాటరీలు తీసినా చెక్కుచెదరవు.

అందువల్ల తెలిసినవారు అన్నింటినీ కొట్టుగదిలో ఉంచి, ఆడదలచిన ఆటను మాత్రమే పలక మీదికి తెచ్చుకుంటారు. బేసిక్ భాషలో రాసిన ఆట ఆర్కైవ్‌లో ఉండగా నడవదు మరి.

అయితే కొట్టుగదిలో తొలగించిన ఆట వెంటనే ఖాళీ చేయదు! చెల్లదన్న గుర్తు మాత్రం పడి, అక్కడే చోటు ఆక్రమించుకొని ఉంటుంది. చోటు చాలనప్పుడు యంత్రమే 'చెత్త ఎత్తనా?' అని అడుగుతుంది. సరేనంటే, పనికివచ్చేవాటిని వేరొక గడికి తరలించి, పాత గడిని మొత్తంగా చెరిపివేస్తుంది. దీనికి 20 నిమిషాల వరకు పట్టవచ్చునని యంత్రంతో వచ్చే పుస్తకం హెచ్చరిస్తుంది. అంతసేపు ఆటా లేదు, లెక్కా లేదు.