దంతోపాఖ్యానం

'పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం?' అన్నది తెలుగునాట తరచుగా వినిపించే సామెత. ఆ సామెతను పలికే నోటిలోనే ముప్పైరెండు పళ్ళు కొలువుతీరి ఉన్నాయన్న సంగతి పలికేవారికి తోచదు. తెలుగు పలుకుబడిలో పంటికి దక్కిన స్థానం సామాన్యమైనది కాదు. ఆగ్రహం కలిగితే పళ్ళు పటపట కొరుకుతారు. ఆపద వస్తే పంటిబిగువున ఓర్చుకుంటారు. సాధుస్వభావుణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనరు. అధికారం పోయినవాణ్ణి కోరలు పీకిన పాముతో పోలుస్తారు. మాటల్లో ఇంత మర్యాద పొందిన దంతాలకు నిత్యజీవితంలో లభించే ఆదరణ మాత్రం అంతంతమాత్రమే.

పశువుల సంతను చూస్తే ఈ విషయం తేటతెల్లమవుతుంది. కోడెను కొనవచ్చిన రైతు దాని కొమ్ములు చూసి, గిట్టలు చూసి, చివరకు మూతి పట్టుకొని నోరు తెరిపిస్తాడు. అది రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అని పరీక్షించి వయస్సు నిర్ణయిస్తాడు. ఆ నేర్పు మెచ్చుకోదగినదే. అయితే అదే రైతును తన నోటిలో ఎన్ని పళ్ళు మిగిలాయో చెప్పమంటే నాలుకతో తడుముకుంటాడు. ఇది చదువులేమి వల్ల కలిగిన లోపమని భావించరాదు. వేళ తప్పకుండా మోటారు సైకిలుకు ఆయిలు మార్పించే ఉద్యోగీ, సెల్‌ఫోను తెరకు గీత పడకుండా పైన మరొక అద్దం అతికించుకొనే విద్యార్థీ ఈ విషయంలో ఆ రైతుకు సోదరులే. కొన్న వస్తువులపై ఉండే శ్రద్ధ పుట్టుకతో వచ్చిన సంపదపై ఉండకపోవడం మానవ స్వభావంలోని వింత.

ప్రాచీన కవులు దంతాలను మల్లెమొగ్గలతో, దానిమ్మగింజలతో, ముత్యాలతో పోల్చి మురిసిపోయారు. సంస్కృతం మరొక అడుగు ముందుకు వేసి పంటికి 'ద్విజం' అని పేరు పెట్టింది. పక్షి గుడ్డుగా ఒకసారి, పిల్లగా మరొకసారి పుడుతుంది కనుక ద్విజం. పన్ను పాలపన్నుగా ఒకసారి, స్థిరదంతంగా మరొకసారి పుడుతుంది కనుక అదీ ద్విజమే. పాలపళ్ళు ఇరవై. అవి ఊడినప్పుడు ఇంటి కప్పు మీదికి విసిరి, కొత్త పన్ను చక్కగా రావాలని కోరుకోవడం తెలుగు పల్లెల్లో పిల్లలందరికీ తెలిసిన వేడుక. ఆ వేడుకలో ఒక హెచ్చరిక కూడా దాగి ఉంది. రెండవసారి వచ్చిన పన్ను ఊడితే దానిని ఏ కప్పు మీదికి విసిరినా మూడవది రాదు.

ఈ లెక్కలో ఒక చిక్కున్నది. వెనుకభాగంలోని పన్నెండు దవడపళ్ళకు ద్విజత్వం కూడా లేదు. అవి పుట్టేది ఒక్కసారే. వాటిలో మొదటి నాలుగూ ఆరేళ్ళ ప్రాయంలో, ఏ పాలపన్నూ ఊడకుండానే, చడీచప్పుడు లేకుండా వెనుకవైపు మొలుస్తాయి. తల్లిదండ్రులు వాటిని కూడా పాలపళ్ళే అనుకుంటారు. 'పుచ్చితే పుచ్చనీ, ఎలాగూ ఊడేదే కదా' అని ఊరుకుంటారు. నూరేళ్ళు ఉండవలసిన పన్ను పదేళ్ళకే పాడు కావడానికి ఈ చిన్న పొరపాటు చాలు. చివరి నాలుగూ జ్ఞానదంతాలు. అవి సాధారణంగా పదిహేడు, ఇరవైయైదేళ్ళ మధ్య, అంటే సరిగ్గా కళాశాల ప్రాయంలో వస్తాయి. జ్ఞానం అందరికీ రానట్లే అవి కూడా అందరికీ రావు. వచ్చినవారికి సుఖంగా రావు.

పళ్ళు పోతే ఏమవుతుందో పురాణం ఏనాడో చెప్పింది. దక్షుడు శివుణ్ణి నిందిస్తుండగా పూషుడనే దేవత పళ్ళికిలించి నవ్వాడు. తరువాత వీరభద్రుడు వచ్చి ఆ పళ్ళనే రాలగొట్టాడు. నాటి నుండి పూషుడు యజ్ఞంలో పిండినే ఆహారంగా స్వీకరించవలసి వచ్చింది. దేవతలకే తప్పని ఆ దురవస్థ మానవునికి తప్పుతుందా? పూషుని పళ్ళు రాలగొట్టడానికి వీరభద్రుడు దిగిరావలసి వచ్చింది. మానవుని పళ్ళు రాలడానికి అతని బద్ధకం ఒక్కటే చాలు.

పూర్వులకు ఈ విషయంలో శ్రద్ధ లేదనడానికి వీలులేదు. చిగుళ్ళకు గాయం కాకుండా, కొన నలిపిన పుల్లతో రోజుకు రెండు పూటలా దంతధావనం చేయాలని చరకసంహిత విధించింది. వగరు, కారం, చేదు రుచులున్న పుల్లలు శ్రేష్ఠమని చెప్పింది. తెలుగు పల్లెలు వేపపుల్లను, కానుగపుల్లను ఆదరించాయి. కచ్చికతో తోముకున్నవారూ ఉన్నారు. బొగ్గుపొడితో, ఇటుకపొడితో తోమి, పంటితో పాటు దాని పైపొరను కూడా అరగదీసుకున్నవారూ ఉన్నారు. నేడు పుల్ల స్థానంలో బ్రష్షు, పొడి స్థానంలో పేస్టు వచ్చాయి. ప్రకటనలలో బ్రష్షు పొడవునా పాముపడగలా పేస్టు లేచి నిలుస్తుంది. నిజానికి పెద్దలకు శనగగింజంత పేస్టు, రెండు నిమిషాల ఓపిక సరిపోతాయి. జనం పేస్టును ప్రకటనలో చూపినంత వేసుకుంటున్నారు గాని, ఓపికను మాత్రం పొదుపుగా వాడుకుంటున్నారు.

చరకుడు చెప్పిన రెండు పూటలలో ఒకటి లోకం మరచిపోయింది. ఉదయం పళ్ళు తోమనిదే కాఫీ ముట్టని ఆచారవంతుడు, రాత్రి మిఠాయి తిని నోరైనా పుక్కిలించకుండా నిద్రపోతాడు. ఉదయపు శుభ్రత ఎదుటివారి కోసం. రాత్రి శుభ్రత తన కోసం. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. నోటిని కడిగే ఆ సహజజలం తగ్గినవేళ, పళ్ళ సందుల్లో చిక్కుకున్న తీపి మీద సూక్ష్మజీవులు విందు చేసుకుంటాయి. ఆ విందులో పుట్టిన ఆమ్లం ఎనామిల్ పొరను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఎనామిల్ శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అయితే అది ఒకసారి పోతే మళ్ళీ పెరగదు. తిన్న తీపి ఎంత అన్నదానికంటే ఎన్నిసార్లు అన్నదే ముఖ్యం. ఒకేసారి తిన్న నాలుగు లడ్డూల కంటే రోజంతా చప్పరించిన నాలుగు చాక్లెట్లు పంటికి పెద్ద శత్రువులు.

ఒకప్పుడు పంటిలో పురుగు చేరి తొలుస్తుందని లోకం నమ్మింది. సంతల్లో ఆ పురుగును తీసి చూపించే మాంత్రికులకు కొదవ ఉండేది కాదు. పురుగు దొరికేది, పైకం ముట్టేది, నొప్పి మాత్రం మిగిలేది. 1728లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు పియేర్ ఫొషార్ దంతవైద్యంపై పెద్ద గ్రంథం ప్రకటించి, ఈ పురుగు కథ నమ్మదగినది కాదన్నాడు. తెలుగువారు నేటికీ 'పంటికి పురుగు పట్టింది' అనే అంటారు. మాట నిలిస్తే బాధ లేదు. ఆ నమ్మకం నిలిస్తేనే ప్రమాదం.

పంటికి ఒక దుర్గుణం ఉన్నది. అది చెడుతున్నంతకాలం మౌనంగా ఉంటుంది. ఎనామిల్‌లో నాడులు లేవు కనుక అక్కడ గుంట పడినా నొప్పి తెలియదు. లోపలి మెత్తని భాగానికి చేటు సోకినప్పుడే అది అర్ధరాత్రి ఇల్లంతా మేల్కొలుపుతుంది. అప్పుడు గృహస్థు లవంగం వెతుకుతాడు. లవంగనూనె నొప్పిని నిద్రపుచ్చుతుంది, జబ్బును కాదు. తెల్లవారి నొప్పి తగ్గగానే అతడు వైద్యుణ్ణి కూడా మరచిపోతాడు. పంటినొప్పి మొదటి లేఖ అని లోకం అనుకుంటుంది. నిజానికి అది చివరి నోటీసు.

ఈ వాయిదాకు అసలు కారణం భయం. దంతవైద్యుని కుర్చీని చూస్తే మహాధైర్యశాలికి కూడా మోకాళ్ళు వణుకుతాయి. చరిత్ర తెలిస్తే ఈ భయం నవ్వు పుట్టిస్తుంది. నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయవచ్చునని లోకానికి చాటినవారు దంతవైద్యులే. 1844లో అమెరికా దంతవైద్యుడు హొరేస్ వెల్స్ నైట్రస్ ఆక్సైడ్ వాయువును తానే పీల్చి, తన పన్నునే పీకించుకొని దాని శక్తిని పరీక్షించాడు. 1846 అక్టోబరు 16న బోస్టన్ నగరంలోని ఒక వైద్యశాలలో మరొక దంతవైద్యుడు విలియం మోర్టన్ ఈథర్ ఆవిరితో రోగికి మత్తు కలిగించగా, శస్త్రవైద్యుడు అతని మెడ మీది కణితిని తొలగించాడు. గుండెకు శస్త్రచికిత్స చేయించుకోవడానికి ధైర్యంగా వెళ్ళే నేటి రోగి, ఆ ధైర్యాన్ని ఇచ్చిన దంతవైద్యుని వద్దకు వెళ్ళడానికి మాత్రం జంకుతున్నాడు!

ఈ నవ్వుల వెనుక ఒక బాధ కూడా ఉన్నది. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది నోటి వ్యాధులతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. గుంట చిన్నదిగా ఉన్నప్పుడు పూడ్చడానికి అయ్యే ఖర్చు, అది వేరుదాకా పోయిన తరువాత అయ్యే ఖర్చులో స్వల్పభాగం. కలవారు ఆలస్యం చేస్తే డబ్బు పోతుంది. కూలి మీద బతికేవారు ఆలస్యం చేస్తే పన్నే పోతుంది. ఎందుకంటే వేరుకు చికిత్స చేయించడం కంటే పీకించుకోవడం చవక. ఆ విధంగా ఒక్కొక్కటే పోయి, పెళ్ళిపందిట్లో నవ్వవలసివస్తే కొంగు అడ్డుపెట్టుకొనే తల్లులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. పన్ను నమలడానికి మాత్రమే కాదు. మాట స్పష్టతకు, ముఖంలోని నిండుతనానికి, నలుగురిలో తలెత్తుకొని నవ్వడానికి కూడా అదే ఆధారం.

అయితే పంటి మీద మచ్చ ఉన్న ప్రతివాణ్ణీ సోమరి అనడం అన్యాయం. నల్లగొండ ప్రాంతంలో తరతరాల బిడ్డల పళ్ళు గోధుమరంగు గారతో కనిపించడానికి కారణం వారి నిర్లక్ష్యం కాదు; బావినీటిలోని ఫ్లోరైడు. తగుమాత్రంగా ఉంటే పంటికి రక్షణ కల్పించే ఆ పదార్థమే, మితిమీరితే పళ్ళను, ఎముకలను పాడుచేస్తుంది. అక్కడ కావలసింది బ్రష్షు కాదు, మంచినీరు. ఉత్తర కోస్తా పల్లెల్లో కొందరు స్త్రీలు చుట్టను నిప్పున్న కొన నోటిలోపలికి ఉండేట్లు పెట్టుకొని కాల్చే 'అడ్డపొగ' అలవాటు అంగిట్లో క్యాన్సరుకు దారితీస్తుందని వైద్యులు ఎంతోకాలంగా హెచ్చరిస్తున్నారు. ఆ స్త్రీలను చూసి ఆశ్చర్యపోయే పట్టణ యువకుడు, జేబులోని గుట్కా పొట్లాన్ని మాత్రం మరచిపోతాడు. ఆమెకు హెచ్చరిక చదివే అక్షరజ్ఞానం లేకపోవచ్చు. అతనికి ఆ సాకు కూడా లేదు.

కనుక చేయవలసినది కొండలు పిండిచేయడం కాదు. రోజుకు రెండు పూటలా రెండేసి నిమిషాలు, అంటే మొత్తం నాలుగు నిమిషాలు. వాటిలో రాత్రి నిమిషాలకే పెద్దపీట వేయాలి. నొప్పి వచ్చినప్పుడు కాదు, నొప్పి లేనప్పుడే దంతవైద్యుని దర్శించాలి. అప్పుడు ఆయన పరీక్షించి పంపుతాడు. నొప్పి వచ్చాక వెళితే ఆయుధాలు తీయక తప్పదు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైనా ఒక్కటే కావచ్చు. నిలుపుకోవడానికి మాత్రం రాయితో పనిలేదు. పిడికెడు శ్రద్ధ చాలు. ద్విజాలకు మూడవ జన్మ లేదని గుర్తుంచుకొన్నవాడే ముదిమిలో చెరకు ముక్క కొరికి, మనుమలతో కలిసి నిండుగా నవ్వగలడు.