పొల్లు మీద పడే వేలు

‘హనుమాన్ జంక్షన్’ అని ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో కొట్టి చూడండి. హ, న, కొమ్ము, మ, దీర్ఘం, న, పొల్లు. ఒక స్పేసు. జ, సున్న, క, పొల్లు, ష, న, పొల్లు. షిఫ్టును పక్కన పెడితే మొత్తం 15 దెబ్బలు. అందులో మూడు పొల్లువే. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు ఉండేది ఇంగ్లిషు ‘డి’ కీ మీద. వత్తు రావాలన్నా ముందు పొల్లే కొట్టాలి. ‘లక్ష్మి’ అనే ఒక్క పేరుకు రెండుసార్లు. లక్ష్మి పేరు లేని దస్తావేజు కృష్ణా డెల్టాలో అరుదు. అందుకే తెలుగు టైపు చేసేవాళ్ల కీబోర్డులో స్పేసు బారు తర్వాత ఎక్కువ దెబ్బలు తినే కీలలో ‘డి’ ఒకటి.

మా అన్నయ్య కూతురు ఆ హనుమాన్ జంక్షన్లోనే డీటీపీ షాపు పెడుతోంది. కంప్యూటరు, ప్రింటరు, యూపీఎస్ అన్నీ తనే చూసుకుంది. కీబోర్డు దగ్గర ఆగి ఫోన్ చేసింది. “బాబాయ్, ఆరు వందలకీ వస్తోంది, మూడు వేలకీ వస్తోంది. ఏది కొనమంటావు?” అని. అప్పటికప్పుడు నోటికొచ్చిన జవాబు చెప్పలేకపోయాను. టైపుతో అన్నం తినే మనిషికి చెప్పాల్సిన జవాబు అది.

జంక్షన్ సంగతి తెలిసినవాళ్లకు ఆ షాపుకు ఎలాంటి పని వస్తుందో చెప్పనక్కర్లేదు. బెజవాడ, ఏలూరు మధ్య జాతీయ రహదారి మీద, ఒకవైపు నూజివీడు రోడ్డు, మరోవైపు గుడివాడ రోడ్డు కలిసేచోటు అది. మామిడితోటల వాళ్లు, వరిపొలాల వాళ్లు అందరూ అక్కడే బస్సు దిగుతారు. కౌలు కాగితాలు, అమ్మకపు దస్తావేజులు, అర్జీలు, బిల్లు పుస్తకాలు, శుభలేఖలు. 2022లో జిల్లాలు మారినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. జంక్షన్ ఉన్న బాపులపాడు మండలం కృష్ణాలోనే ఉండిపోయింది. పక్కపక్క ఊళ్ల కాగితాల్లో జిల్లా పేరు వేరువేరుగా పడాలి. పాత కాగితాన్ని కాపీ చేసి పేర్లు మార్చితే సరిపోయే పని కాదిది. చూసి, చదివి కొట్టాలి.

చవక కీబోర్డు లోపల ప్లాస్టిక్ పొరల మీద గీసిన విద్యుత్ దారులు, వాటిపైన రబ్బరు బుడిపెలు ఉంటాయి. కీ నొక్కితే బుడిపె కుంగి పొరలు ఒకదానికొకటి తగులుతాయి. ఖరీదైన మెకానికల్ కీబోర్డులో ప్రతి కీకీ విడిగా ఒక స్విచ్. దానిలో స్ప్రింగు, లోహపు రేకులు. ఈ స్విచ్‌లలో ఎక్కువ పేరున్నది చెర్రీ ఎమ్‌ఎక్స్, 1980ల నాటి జర్మనీ తయారీ. దాని పేటెంటు గడువు తీరాక చైనా కంపెనీలు అదే అచ్చులో చేయడం మొదలుపెట్టాయి. మన దగ్గర డీటీపీ షాపుల్లో, బ్యాంకు కౌంటర్లలో చాలాకాలంగా కనిపించే టీవీఎస్ గోల్డ్ ఈ జాతిదే. చెన్నై కంపెనీది. రంగు లైట్లు లేవు, రూపాయి గుర్తు ఉంది, నంబర్ ప్యాడ్ ఉంది. చాలా ఏళ్లు అది టక్కుమనే చెర్రీ బ్లూ రకం స్విచ్‌లతో వచ్చింది. ఇప్పుడు కొనేవాళ్లు ఏ స్విచ్ వాడారో పెట్టె మీద చదువుకుని కొనడం మంచిది.

మన్నిక లెక్క వేద్దాం. రబ్బరు కీకి సాధారణంగా 50 లక్షల నుంచి కోటి దెబ్బల దాకా ఆయుష్షు చెబుతారు. మెకానికల్‌కు 5 కోట్లు, ఆపైన. పని ఉన్న షాపులో రోజుకు 40 వేల దెబ్బలు పడతాయనుకుందాం. పదింట ఒకటి పొల్లు అనుకుందాం. రోజుకు 4 వేలు, ఏడాదిలో 300 పనిదినాలకు 12 లక్షలు. 50 లక్షల కీ నాలుగేళ్లు దాటగానే అలసిపోతుంది. 5 కోట్ల కీ 40 ఏళ్లు దాటుతుంది.

ఇక్కడే నేను తడబడ్డాను. 40 ఏళ్ల కీబోర్డు ఎవరికి కావాలి? ఈలోగా కంప్యూటర్లే నాలుగైదుసార్లు మారతాయి. పైగా ఆ అంకె ల్యాబులో యంత్రం నిటారుగా నొక్కిన లెక్క. రోడ్డు దుమ్ము, వర్షాకాలపు చెమ్మ, పక్కవాటంగా పడే వేలు అందులో లేవు. మూడేళ్లకొకటి చొప్పున రబ్బరువి నాలుగు కొన్నా పన్నెండేళ్లకు 2,400 రూపాయలు. మంచి మెకానికల్ ఒకటి కొన్నా ఇంచుమించు అంతే. డబ్బు దగ్గర తక్కెడ ఎటూ మొగ్గదు.

రబ్బరు పక్షాన చెప్పుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. చప్పుడు లేదు. రాత్రిపూట పిల్లలు పడుకున్న గదిలో కూడా పని చేసుకోవచ్చు. పాడైతే జంక్షన్లోనే ఏదో ఒక షాపులో ఆ పూటే దొరుకుతుంది. మెకానికల్ పోతే బెజవాడ ప్రయాణమే. టీ ఒలికితే రెండింటికీ ముప్పే. కానీ ఆరు వందలది పోయిందన్న బాధ ఒక పూట ఉంటుంది, మూడు వేలది పోయిందన్న బాధ నెల ఉంటుంది.

మరి నన్ను రెండో వైపు తిప్పింది ఏమిటి? మంచి టైపిస్టు చూపు స్క్రీను మీద ఉండదు, పక్కనున్న చేతిరాత కాగితం మీద ఉంటుంది. దెబ్బ పడిందో లేదో వేలే చెప్పాలి. రబ్బరు కీలో వేలికి తగిలే ప్రతిఘటన పైనే అయిపోతుంది, అక్షరం పడేది అడుగుకు నొక్కినప్పుడు. కొత్తలో ఈ తేడా తెలియదు. ఏడాది గడిచేసరికి ‘డి’ మెత్తబడుతుంది, పక్కనున్న కీలు గట్టిగానే ఉంటాయి. వేలు మోసపోతుంది. పొల్లు పడకపోతే వత్తు విడిపోయి అక్షరాలు పక్కపక్కన నిలబడతాయి, అది కంటికి తెలుస్తుంది. అంకెలు అలా కాదు. 105 సెంట్ల దగ్గర సున్న పడకపోతే 15 సెంట్లవుతుంది, చూడటానికి అదీ సరైన అంకెలాగే ఉంటుంది. చెర్రీ బ్లూలో నాలుగు మిల్లీమీటర్ల లోతులో సుమారు సగం దగ్గర టక్కుమంటుంది, అక్షరమూ అక్కడే పడుతుంది. చెవి సాక్ష్యం చెబుతుంది.

మెకానికల్‌కూ ఓ జబ్బుంది, అది కూడా చెప్పాలి. రేకుల మధ్య దుమ్ము చేరితే ఒక్క దెబ్బకు అక్షరం రెండుసార్లు పడుతుంది. సర్వే నంబరు 112 కాస్తా 1122 అవుతుంది. అయితే అప్పుడు ఆ ఒక్క స్విచ్ పీకి, టంకం వేసి మరొకటి పెట్టుకోవచ్చు. రబ్బరు బోర్డులో పొర మీద ఒక దారి తెగితే దాని మీదున్న కీలన్నీ కలిసి పోతాయి, బాగుచేసేందుకేమీ ఉండదు.

ఫుల్‌సైజు విషయంలో నాకు రెండో మాట లేదు. గేములాడేవాళ్ల కోసం వచ్చే పొట్టి బోర్డుల్లో నంబర్ ప్యాడ్ తీసేస్తారు. శుభలేఖలు ఇంకా పాత ఫాంట్లలోనే నడుస్తున్నాయి. వాటిలో కొన్ని అక్షరాలు ఆల్ట్ పట్టుకుని నంబర్ ప్యాడ్ మీద అంకెలు కొడితేనే వస్తాయి. పై వరసలోని అంకెలతో రావు. జీఎస్టీ బిల్లులకూ ఆ ప్యాడే ఆధారం. వైరు ఉన్నదే మేలు, దస్తావేజు మధ్యలో బ్యాటరీ అయిపోదు.

చివరికి అమ్మాయికి ఇలా చెప్పాను. షాపులో టైపుకు మెకానికల్, ఫుల్‌సైజు, నల్లటి సాదాది తీసుకో. రోడ్డు మీద లారీ హారన్ల ముందు దాని టకటక ఎవరికీ వినిపించదు. పని ఇంటికి తెచ్చుకునే రోజు వస్తే అప్పుడు చప్పుడు తగ్గిన బ్రౌన్ స్విచ్ సంగతి చూద్దాం. కొనేముందు డబ్బాలోంచి తీయించి ‘డి’, సున్న, స్పేసు బారు మూల మీద పదేసి సార్లు నొక్కి చూడు. స్పేసు బారు ఎక్కడ నొక్కినా ఒకేలా దిగాలి.

“మరి రబ్బరుది వద్దా?” అంది. అదీ ఒకటి కొని సొరుగులో పెట్టమన్నాను. రిజిస్ట్రేషన్‌కు టైమైపోతోందని నలుగురు బెంచీ మీద కూర్చున్న పూట ఎవరి చేతిలోంచో టీ గ్లాసు జారితే, బెజవాడ బస్సు ఎక్కే తీరిక ఉండదు.