వెనక బెంచీ లెక్క

నేను చదువుకునేటప్పుడు తరగతిలో వెనక బెంచీ మాది. ఇప్పుడు బడికి బడే వెనక బెంచీ అయింది. నడుమ నలభై ఏండ్లు గడిచినాయి. ఈ నలభై ఏండ్లలో మాకు జరిగిన న్యాయం ఏపాటిదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మాది వేంపల్లె దగ్గర పాపాఘ్ని ఒడ్డు పల్లె. ఏరంటే నీళ్లనుకునేరు, ఏడాదిలో ఎక్కువ నాళ్లు ఇసకే. ఊరికి ఎడంగా మా మాదిగ్గేరి. 1980ల మొదట్లో గేరి నుంచి ఆరో తరగతిలో చేరింది 11 మందిమి. పదో తరగతి పరీక్ష రాసింది ఇద్దరం. పాసయింది నేనొక్కణ్ణే. ఆ ఏడు బడి ఫలితాలు బాగున్నాయని ఊర్లో గొప్పగా చెప్పుకున్నారు. రాసినోళ్లలో ఎంతమంది పాసైనారో లెక్క కట్టినారు. రాయకుండానే పోయిన మా 9 మంది ఏ లెక్కలోనూ లేరు.

యాడికి పోయినారు వాళ్లు? జూన్‌లో బడి తెరిచే నాటికి విత్తనానికి శనిక్కాయలు ఒలవాల. వాన పడితే విత్తాల. ఆ మీదట కలుపు. దసరా దాటినాక కాయ పెరికేది. బడి క్యాలెండరు ఒకటి, మా కడుపు క్యాలెండరు ఇంకొకటి. పనులైపోయి తిరిగొస్తే ఐవారు, "ఏంరా, చెప్పులు కుట్టేదానికి లెక్కలెందుకురా నీకు?" అనేటోడు. పెద్దిండ్ల పిల్లోడు నెల్లాళ్లు బడి మానుకుంటే అదే ఐవారు వాళ్లింటికి పోయి పాఠం చెప్పొచ్చేటోడు. మా నాయన బడి గడప ఎక్కకుండా కిందనే నిలబడి, "సామీ, మావోనికి రెండచ్చరాలు చెప్పండి" అని దండం పెట్టినాడు. ఆ దండం నా కండ్లల్లోంచి ఇంకా పోలేదు. చదువు హక్కని ఆయనకు ఎవరూ చెప్పలేదు. బిచ్చమనే నేర్పినారు.

సాంఘిక సంక్షేమ హాస్టల్లో నీళ్లచారు తాగి నేనూ ఐవారునైనాను. తిరిగి తిరిగి మా వైపే ఒక ప్రాథమికోన్నత బడికి వచ్చినాను. హాజరు పట్టీ తిరగేస్తే మాదిగ, మాల, దూదేకుల, ఎరుకల, బోయ, చాకలి. కులం గడిలో రెడ్డి లేడు, బ్రాహ్మడు లేడు, కోమటి లేడు. వాళ్ల పిల్లోళ్లు పొద్దున్నే పసుప్పచ్చ బస్సెక్కి కాన్వెంటుకు పోతారు. మేం లోపలికొచ్చినాక బడి మైలపడిందని నోరుతెరిచి ఎవరూ అనరు. "ఆడ చదువు లేదు" అంటారు. మాట మారింది, ఎడం మారలేదు.

నిజం దాచను. మా గేరిలోనూ నాలుగు రూపాయలు దొరికినోడు అప్పోసప్పో చేసి కాన్వెంటుకే పంపుతున్నాడు. నేనూ నా బిడ్డను పంపినాను. నేను పాఠం చెప్పే బడి నా బిడ్డకు పనికిరాదనుకున్నాను. ఇతరులను అడిగే ముందు ఈ ప్రశ్న నన్ను నేనే అడుక్కోవాల.

ఒకసారి ఫలితాల మీద మీటింగు పెట్టినారు. "మీ బడి వెనకబడింది, కారణాలు రాసివ్వండి" అన్నాడు ఒక అధికారి. లెక్కల ఐవారు లేడని, తరగతుల కంటే ఐవార్లు తక్కువని రాసిచ్చినాను. "ఇవి కారణాలు కావయ్యా, కంప్లైంట్లు. తల్లిదండ్రుల నిరక్షరాస్యత అని రాయి" అన్నాడు. అంటే తప్పు మా అమ్మది! అమ్మను బడి గడప తొక్కనీకుండా చేసిందెవరో ఆ కాగితంలో రాసేదానికి గడి లేదు.

2009 విద్యాహక్కు చట్టం ఏం చెబుతోంది? 6 నుంచి 8 దాకా తరగతికి కనీసం ఒక టీచరు ఉండాల. 35 మంది పిల్లలకు ఒకరుండాల. సైన్సు-లెక్కలకు ఒకరు, సోషలుకు ఒకరు, భాషలకు ఒకరు ఉండి తీరాల. పిల్లోనికి 35 మార్కులు రాకపోతే ఫెయిలంటారు. ఈ 35 లెక్క తప్పిన సర్కారును ఫెయిలని ఏ రిజల్టు షీటులో రాస్తున్నారు?

ఇదే వేంపల్లె మండలంలో, ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ పెట్టినారు. దాంట్లో సీటుకు సర్కారు బడి పిల్లోళ్ల మార్కులకు 4 శాతం వెనకబాటు స్కోరు కలిపే పద్ధతి పెట్టినారు. మంచిదే. సర్కారు బడి పిల్లోడు బరువు మోసుకుంటూ పరుగెత్తుతున్నాడని సర్కారే ఒప్పుకున్నట్టు. మరి బడికీ బడికీ పోటీ పెట్టి ర్యాంకులు చదివేటప్పుడు ఆ బరువు ఎందుకు గుర్తురాదు? పైన 4 శాతం కలిపేది దయ, కింద లెక్కల ఐవారిని ఇచ్చేది బాధ్యత. దయ చూపించి బాధ్యత ఎగ్గొడతారా?

1882లో హంటర్ కమిషన్ ముందు జోతిబా ఫూలే ఏమడిగినాడు? రైతూ కూలీ కష్టపడి కట్టిన పన్ను పైకులాల పై చదువులకు పోతోందని, ముందు కింది జనానికి ప్రాథమిక విద్య నిర్బంధంగా ఇవ్వమని అడిగినాడు. 140 ఏండ్లు దాటినాయి. 2022లో 117 జీవో తెచ్చి 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించినారు. 2025లో ఆ జీవో రద్దు చేసినారు. తెచ్చేనాడు గేరిని అడగలేదు, తీసేనాడూ అడగలేదు. గేరి కాడి బడి ఎడమైతే ముందు బడి మానేది ఆడపిల్లే అని మా గేరిలో ఏ ముసిలవ్వనడిగినా చెబుతుంది.

సర్కారు బడి మాకు పడేసిన పాత బట్ట కాదు. మా నాయన దండం పెట్టి, మా అమ్మ కూలి మానుకొని సంపాదించిన ఆస్తి. అందరూ వదిలి పోయినారని దాన్ని మూసెయ్యనీయం.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ బడి పట్టీ తెరవమనండి. ఆరులో ఎంతమంది చేరినారు, పదిలో ఎంతమంది మిగిలినారు, మిగలనోళ్లు ఏ కులమోళ్లు, ఎన్ని పోస్టులు ఖాళీ? నాలుగూ ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకొని ఆఫీసుకు పోదాం. మా నాయన మాదిరి గడప కింద నిలబడం, దండం పెట్టం. లోపలికి పోయి లెక్క అడుగుదాం.