మావ్శీ జీతం కోసేముందు

మహారాష్ట్రలో స్థిరపడ్డ మన ఇళ్లలో పిల్లల్ని చూసుకోవడానికి పెట్టుకున్న మనిషిని మావ్శీ అని పిలుస్తాం. మరాఠీలో మావ్శీ అంటే అమ్మ తోబుట్టువు, మన పిన్నో పెద్దమ్మో అన్నమాట. పిలుపులో చుట్టరికం బాగానే ఉంటుంది. నెలాఖరుకు జీతం లెక్క వేసేటప్పుడు మాత్రం అది ఎటు పోతుందో తెలియదు. ఈ మాట వేరెవరినో అనడం లేదు, ముందు నన్ను నేనే అనుకుంటున్నాను.

మా బిడ్డ పుణెలో ఉద్యోగం చేస్తుంది. 2017లో చట్టం మారినప్పటి నుంచి మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాల సెలవు ఉంది కదా, అది అయిపోయి మళ్లీ డ్యూటీలో చేరేనాటికి మనవరాలికి అయిదు నెలలు నిండాయి. షోలాపూర్ నుంచి నేను పోయాను. పగటిపూటకు మావ్శీని కూడా పెట్టుకున్నారు. ఇద్దరం ఉన్నాం, ఇంకేం కష్టం అనుకున్నాను. కష్టమంతా ఇద్దరం ఉండటంలోనే వచ్చింది.

బిడ్డ పాలు పిండి, డబ్బా మీద టైము రాసి ఫ్రిజ్‌లో పెట్టి పోయేది. బయట పెడితే 4 గంటలు దాటనియ్యొద్దని, ఆరు నెలలు నిండేదాకా నీళ్లు కూడా పట్టొద్దని మావ్శీకి చెప్పింది. నేనేమో "ఎండలు ఇట్ల మండుతున్నయ్, పిల్లకు గొంతు ఆరదా" అని చెంచాతో నీళ్లు పట్టమనేదాన్ని. ఎనిమిదో నెలలో పాపకు దగ్గు వస్తే తేనె నాకించబోయాను. మావ్శీ నా చెయ్యి పట్టుకుంది. "ఆజీ, మధ నకో" అంది. తేనె వద్దు, తాయీ వద్దని చెప్పింది అని. నాకు ఒళ్లు మండింది. ముగ్గురు పిల్లల్ని పెంచిన నాకు జీతానికి వచ్చిన మనిషి చెప్తుందా!

సాయంత్రం బిడ్డ డాక్టరుకు ఫోన్ చేసి నా చేతికిచ్చింది. ఏడాది లోపు పిల్లలకు తేనె చుక్క కూడా పెట్టకూడదట. కొన్నిసార్లు అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపిల్లల కడుపులో విషం పుట్టించి కండరాలు చచ్చుబడేలా చేస్తుందట. మావ్శీ ఆ పూట నా మాట విని ఊరుకుంటే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ గుండె దడ పుడుతుంది.

బిడ్డ నన్ను ఏమీ అనలేదు. "అమ్మా, నువ్వొకటి చెప్తవు, నేనొకటి చెప్త. పాపం ఆమె ఎవల మాట వినాలె?" అంది, అంతే.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఒక కాగితం మరాఠీలో రాశాం. ఏ టైముకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, వెల్లకిలా పడుకోబెట్టాలి, జ్వరమొస్తే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఫ్రిజ్ తలుపుకు అంటించాం. ఇక మావ్శీకి చెప్పేది పాప తల్లి ఒక్కతే అని ఒప్పుకున్నాను. ఇంటి పెద్దలకు ఇది కష్టమే, నాకు తెలుసు. కానీ పసిపిల్ల ఉన్న ఇంట్లో రెండు నోళ్లు రెండు మాటలు చెప్తే నష్టపోయేది పసిపిల్లే.

అసలు సంగతి దీపావళి తరవాత జరిగింది. మావ్శీ కూతురికి జ్వరం వచ్చి నాలుగు రోజులు రాలేదు. నెలాఖరున "నాలుగు రోజులు కోసెయ్" అని మొదట అన్నది నేనే. బిడ్డ నా వైపు చూసి, "నాకు 26 వారాలు జీతం ఇచ్చిన్రు కదమ్మా. ఆమెకు నాలుగు రోజులియ్యలేమా?" అంది.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. షోలాపూర్‌లో మన పద్మశాలీల ఇళ్లలో మగవాళ్లు మగ్గాల మీదికి పోతే, ఆడవాళ్లు బీడీలు చుట్టేవారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. తొట్టెలకు తాడు కట్టి కాలితో ఊపుతూ, చాట ఒళ్లో పెట్టుకుని చుట్టేది అమ్మ. కార్ఖానాకు పట్టుకుపోతే, బాగా లేవని కొన్ని పక్కన పారేసి కూలి కోసేవారు. పిల్లకు జ్వరమొచ్చి చుట్టలేని రోజు కూలే లేదు. అమ్మ ఇంటికొచ్చి చాట గోడకు ఆనించి మాట్లాడకుండా కూర్చునేది. ఆ మౌనం చూస్తూ పెరిగిన నేను, ఇంకొక తల్లి కూలి కొయ్యమన్నాను.

అలుసిస్తే నెత్తికెక్కుతారని కొందరంటారు. అలా చేసేవాళ్లు లేరని నేననను. అందుకే ముందే మాట్లాడుకోవాలి. వారానికి ఒక రోజు సెలవు, పండక్కి ఇన్ని, జబ్బుకు ఇన్ని, అవన్నీ జీతంతోనే. అవి దాటితే లెక్క చూసుకుందామని మొదటి రోజే చెప్పుకుంటే ఎవరికీ బాధ ఉండదు. ఇంట్లో కెమెరా పెడితే అది కూడా ఆమెకు చెప్పే పెట్టాలి.

ఇంకొక మాట. "మావ్శీ చేతిలో పెరిగితే పిల్లకు మరాఠీయే వస్తది, తెలుగు పోతది" అని చుట్టాలు భయపెడుతుంటారు. మన తాతల కాలం నుంచి చుట్టూ మరాఠీ ఉన్నా మన తెలుగు పోలేదు కదా. ఇంట్లో మాట్లాడారు, నిలిచింది. మావ్శీ మరాఠీలో మాట్లాడితే మాట్లాడనివ్వండి. స్నానం పోసేటప్పుడు, బువ్వ పెట్టేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు తెలుగులో మాట్లాడాల్సింది మనం. మనం చెయ్యని పనికి ఆమెను తప్పుపట్టడం ఏం న్యాయం?

ఆ నెల పూర్తి జీతం బిడ్డ నా చేతికే ఇచ్చి ఇవ్వమంది. ఇచ్చాను. మావ్శీ నోట్లు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, "ఆజీ, ఎక్కువిచ్చారు" అంది. లేదు, సరిగ్గానే ఉందని చెప్పాను. మా అమ్మకు ఆ మాట చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.