మాకూ నొప్పైతది

"మీ ఆడోళ్లు గట్టోళ్లు. చేన్లనే కని ఇంటికొస్తరు. నీకెందుకే మత్తుసూది?"

1991లో సర్కారు దవాఖానలో, కాన్పు బల్ల మీద పడుకున్న నాతోటి అన్న మాట ఇది. అంతకుముందే "ఏ వాడ?" అని అడిగిన్రు. మాదిగవాడ అన్న. పక్క బల్ల మీదామెకు "ఓర్చుకో తల్లీ" అన్నరు. అరిచినందుకు నాకు తొడ మీద దెబ్బ పడ్డది. బిడ్డ పుట్టినంక చినిగిన చోట మత్తు లేకుండనే ఐదు కుట్లేసిన్రు. సూది దిగినప్పుడల్లా లెక్కపెట్టిన, అందుకే యాదికున్నది.

మా అమ్మమ్మ మంత్రసాని. దొరల ఇండ్లల్ల బొడ్డు కోసింది ఆమెనే. నొప్పుల యాళ్ల ఆమె చెయ్యికి అంటు లేదు. బిడ్డ ఏడ్వంగనే అంటు తిరిగొచ్చేది, ఆమె తొక్కిన గడప కడిగేటోళ్లు. అయినా నడుముకు ఆముదం రాసి, వేన్నీళ్లు పోసి, నొప్పులు పడే మనిషి చెయ్యి పట్టుకొని కూసునేది. నొప్పి తగ్గించాలని ఆమెకు ఏ బడీ నేర్పలేదు.

చదువుకున్నోళ్ల సంగతి చూద్దాం. 1847లో ఎడింబరోలో డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పుకు మత్తు ఇచ్చిండు. ఆడది నొప్పితోనే కనాలని బైబిల్లో ఉన్నదని కొందరు అడ్డం పడ్డరు. 1853లో విక్టోరియా రాణి క్లోరోఫాం పీల్చి కొడుకును కన్నది. ఆ క్లోరోఫాం క్షేమమా కాదా తేల్చడానికి 1888, 1889లల్ల మన హైదరాబాదులోనే నిజాం పైసలతోటి కమిషన్లు కూసున్నయి. రాణికి మత్తు అందిన 138 ఏండ్లకు గూడ అదే గడ్డ మీద నాకు కుట్లకు ఒక్క సూది అందలే. మందు లేక కాదు, మాకు నొప్పి ఉంటదని ఒప్పుకోక.

అడిగిన గర్భిణికి నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ ఇయ్యాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అరిస్తేనే దెబ్బ పడే చోట ఎవరు అడుగుతరు?

ఉద్యమ మిత్రులారా, మీకూ ఒక మాట. గట్టు మీద కని నాట్లకు పోయిందని మా తల్లులను పొగుడకుండ్రి. కూలి పోతదని పోయిన్రు, బలుపెక్కి కాదు. మీ పొగడ్త, ఆ బల్ల కాడి తిట్టు, రెండూ ఒక్కటే చెప్తయి: వీళ్లకు మందు అక్కర్లేదని.

నిరుడు నా బిడ్డ కాన్పుకు పోయింది. తలుపు కాడ నిలబడి "కుట్లకు సూదేసిన్రా?" అని అడిగిన. "నీకెందుకే ముసల్దానా" అన్నరు. ఏసేదాక అడిగిన.